మే పువ్వు గడ్డల మీద నా ఫిర్యాదులు

ఫిబ్రవరి 4. రెండవ నంబరు గడ్డకు గత వారము పదకొండు వేళ్ళు ఉండగా, నేడు తొమ్మిది మాత్రమే ఉన్నవి. మిగిలిన రెండు ఏమైనవో తెలియరాలేదు.

ఫిబ్రవరి 18. నాలుగవ నంబరు గడ్డ తూకము ఒక తులము తగ్గినది. కారణము చెప్పువారు లేరు.

మార్చి 10. ఒకటవ నంబరు గడ్డ పక్కన కొత్తగా గాటు. పదునైన ఇనుప వస్తువుతో పడినట్లున్నది. ఈ ఆవరణలో అటువంటి వస్తువు నా బొరిగె ఒక్కటే. అది సదా నా చేతిలోనే ఉన్నది గనుక దానిపై అనుమానము లేదు.

మార్చి 31. మూడవ నంబరు గడ్డ మొలక కొస నల్లబడినది.

ఏప్రిల్ 14. ఐదవ నంబరు గడ్డ మెత్తబడినది. వేలితో నొక్కగా లోనికి పోయినది. ఇది ఐదవ అన్యాయము.

పై జాబితా రెండేళ్ళ కిందట నేను స్వహస్తంతో, నల్ల సిరాతో రాసినది. ఐదు గడ్డల ప్రాణం, ఒక కోళ్ళ మంద పరువు, నా ముప్పై ఎనిమిదేళ్ళ కాపురం, ఈ మూడూ ఒకే వేసవిలో గండం అంచు దాకా వెళ్ళి వచ్చిన వైనం ఇప్పుడు మీకు మనవి చేస్తాను. దోషి ఎవరో నాకంటే ముందు మీరే కనిపెడతారు. కనిపెట్టినా దయచేసి పైకి అనకండి. నాకు నాలుగు నెలలు పట్టింది. అప్పటికి నా వయస్సు అరవై ఆరే. చిన్నతనం.

ముందుగా నా వృత్తి గురించి రెండు మాటలు చెప్పాలి, ఎందుకంటే తప్పు అక్కడే మొలిచింది. పోతనాళ దగ్గర కాలువ మీద ముప్పై నాలుగేళ్ళు గేజీ చూశాను. కాలువలో నిలబెట్టిన కొలబద్ద మీద నీళ్ళు ఏ గీత దాకా ఉన్నాయో పొద్దున ఆరింటికి ఒకసారి, సాయంత్రం ఆరింటికి ఒకసారి చూసి పుస్తకంలో రాయడం నా పని. నా పెళ్ళినాడు కూడా పొద్దుటి గేజీ రాసిన తరువాతే పీటల మీద కూర్చున్నాను. నీళ్ళలో ఒక గొప్ప గుణం ఉంది. ఎన్నిసార్లు కొలిచినా వాటికి కోపం రాదు. కొలిచినందుకు ఒక్క అంగుళమైనా తగ్గవు. లోకంలోని సమస్త వస్తువుల స్వభావమూ ఇంతేనని నేను మనస్ఫూర్తిగా నమ్మాను. ఆ నమ్మకాన్ని వెంటబెట్టుకునే రిటైరై, చిక్కసూగూరులో చిన్న ఇల్లు కట్టుకున్నాను. ఇంటి వెనక నాలుగు మూరల మట్టి ఉంది. కొలవడానికి మాత్రం ఏమీ లేదు. ఆరేళ్ళు అలా గడిచాయి.

ఇక గడ్డల సంగతి. నా భార్య శాంతది ముదగల్. వాళ్ళ పుట్టింటి లోపలి వాకిట్లో, గోడ వారన, మా అత్తగారు పెంచిన మే పువ్వు గడ్డలు ఉండేవి. మే పువ్వును మీరు చూసే ఉంటారు. ఏడాదిలో పదకొండు నెలలు ఆ జాగాలో పూసేది ఒకటి ఉందన్న సంగతి కూడా తెలియదు. చలికాలంలో ఆకులు ఎండి మాయమవుతాయి. ఎండలు ముదిరి, ఒక వాన పడీ పడకముందే మట్టిలో నుంచి కాడ ఒకటి నిటారుగా లేస్తుంది. దాని కొనన సన్నటి ఎర్ర సూదులన్నీ గుండ్రంగా విచ్చుకుని, పిల్లలాడే బంతి అంత పువ్వు నిలబడుతుంది. వారం పది రోజులు ఉంటుంది, అంతే. మళ్ళీ ఏడాదికి.

అత్తగారు కాలం చేశారు. వాకిలికి సిమెంటు వేయించవలసి వచ్చింది. అక్కడే గాజుల దుకాణం నడుపుకునే మా మరదలు నాగవేణి, శాంతకు చెల్లెలు, ఆ గడ్డలన్నీ తవ్వి సగం తాను ఉంచుకుని, సగం పాత చీర ముక్కలో మూటగట్టి జనవరిలో మా ఇంటికి తెచ్చింది.

"బావా, ఇవి అమ్మ గడ్డలు. మెడ జర బయటికి కనబడేటట్టు నాటు. నాటి మర్చిపో. మే నెలల అవే లేస్తయి."

"మర్చిపోవుడా? ముప్పై నాలుగేండ్లల ఒక్క పూటన్న గేజీ మర్చిపోయిన్నా?"

"ఇది కాలువ కాదు బావా. గడ్డ. దాని నిద్ర దాన్ని పోనియ్యి."

"చూసుకునే మనిషి చేతికి వచ్చినంక ఏ వస్తువైనా బాగుపడుతది. నువ్వు నిశ్చింతగ ఉండు."

నాగవేణి అక్క వైపు చూసింది. అక్క చెల్లెలి వైపు చూసింది. ఆ చూపులను నేను ఆమోదంగా నమోదు చేసుకున్నాను.

శాంత మూట విప్పి ఐదు గడ్డలు నా చేతిలో పెట్టింది. దారం కట్టి, వరుస తప్పకుండా, జానెడు జానెడు దూరంలో నాటాను. రేకు ముక్కల మీద ఒకటి నుంచి ఐదు దాకా అంకెలు రాసి గుచ్చాను. రెండు వందల పేజీల పుస్తకం తెచ్చి గడులు గీశాను. ఆదివారం ఆదివారం పొద్దున్నే కొలతలు తీసుకునేవాణ్ణి. వేళ్ళు ఎన్ని, ఎంత పొడవు, గడ్డ చుట్టుకొలత ఎంత, తూకం ఎంత. మట్టిలో ఉన్న గడ్డ వేళ్ళు ఎలా లెక్కపెట్టానని మీరు అడగబోతున్నారు. కాస్త ఆగండి. ఆ ప్రశ్న అడగవలసిన మనిషి మే నెలలో బస్సు దిగుతుంది.

మొదటి అనుమానం పక్కింటి ఖాజా సాబ్ కోళ్ళ మీదికి పోయింది. ఖాజా సాబ్ ఒకప్పుడు లారీ నడిపిన మనిషి. పెద్ద గొంతు, అంతకంటే పెద్ద మనస్సు. మా రెండిళ్ళ మధ్య గోడ నడుమెత్తే ఉంటుంది. కోళ్ళు దాన్ని సరిహద్దుగా గుర్తించవు. ఫిబ్రవరి నాలుగున మాయమైన రెండు వేళ్ళ గురించి ఆయనకు లిఖితపూర్వకంగా తెలియజేసి, ఏడు రోజుల్లో సమాధానం కోరాను. ఆయన కాగితం పట్టుకుని గోడ దగ్గరికి వచ్చాడు.

"క్యా సాబ్, నోటీసు ముట్టింది. కోళ్ళకు చదివి వినిపించిన."

"పరిహాసం కాదు ఖాజా సాబ్. రెండు వేళ్ళు లేవు."

"సార్, నా కోళ్ళు పురుగులు తింటయి, నూకలు తింటయి, ఒకపారి నా బీడీ గూడ తిన్నయి. పదకొండు వేళ్ళల్ల లెక్కబెట్టి రెండే తినేంత చదువు వాటికి లేదు."

"ఇది నా ఆరోపణకు జవాబు కాదు."

"అచ్ఛా. అయితే ఈ పొద్దు నుంచి బిల్కుల్ బందోబస్తు."

అన్న మాట ప్రకారం ఆ మనిషి కోళ్ళన్నిటినీ గంపల కింద మూశాడు. ఉగాది దాకా అవి గంపల కింది నుంచి నన్ను పేరు పెట్టి తిడుతున్నట్టే కూసేవి. అయినా తూకం తగ్గింది. గాటు పడింది. కోళ్ళు నిర్దోషులని తేలింది. వాటిని విడుదల చేయమని మళ్ళీ లిఖితపూర్వకంగానే తెలియజేశాను.

రెండవ అనుమానం ఇంట్లోకి మళ్ళింది. మార్చి 31న మొలక నల్లబడింది కదా. నీరు ఎక్కువైతే అలా అవుతుంది. నీళ్ళు పోసేది ఎవరు? ఉప్పు జాడీ కింద ఒక మెమో పెట్టాను. "మూడవ నంబరు గడ్డకు పరిమితికి మించి నీరు విడుదల చేసినట్లు కనబడుచున్నది. సంజాయిషీ కోరడమైనది." సాయంత్రానికి అదే కాగితం వెనక శాంత చేతిరాతతో సమాధానం వచ్చింది. ఆత్రంగా చదివాను. "కందిపప్పు రెండు కిలోలు. జీలకర్ర. వేరుశనగలు. సబ్బులు మర్చిపోవద్దు."

మరునాడు సాయంత్రం పెరటి గుమ్మం మీద కూర్చుని ఆమె చింతపండులో గింజలు తీస్తోంది. నేను ఐదు రేకు ముక్కల ముందు నిలబడి, ఐదు సమాధులకు కాపలా కాస్తున్నట్టు ఉన్నాను.

"ఇగో, ఒక మాట అడుగుత. నా పుట్టినరోజు ఎప్పుడో మీకు తెలుసా?" అంది.

"తెల్వకేంది? జూన్ ఒకటి. సర్టిఫికెట్ల ఉన్నది."

"అది హెడ్మాస్టరు పెట్టిన తారీఖు. మా క్లాసుల సగం మంది జూన్ ఒకటినే పుట్టిరి."

"మరి అసలు తారీఖు?"

"అమ్మకు తారీఖులు రాకుండె. మే పువ్వు విచ్చిన పొద్దున పుట్టినవే అనేది. నన్ను మీకిచ్చినంక ఏటేటా అది విచ్చిన నాడు కబురు పంపేది. ఫోనులు వచ్చినంక ఫోను చేసేది. 'పూసిందే శాంతా.' గంతే, ఒక్కటే మాట. ఆ పూట నేను హోళిగలు చేస్తుంటి. మీరు తింటుంటిరి."

"ఎందుకు చేసినవని నేను అడగలేదా?"

"అడగలే. ఎన్ని తిన్నరో మాత్రం రాసుకున్నరు."

నేను లోపలికి వెళ్ళి, తిన్న బొబ్బట్ల లెక్క కోసం పాత పుస్తకాలు తీశాను. ఉన్నాయి. ఏటా మే నెలలో ఒక పూట "హోళిగలు, ఐదు" అనీ, ఒక ఏడు "ఆరు, కడుపు బరువు" అనీ నా దస్తూరీలోనే ఉంది. కారణం గడి మాత్రం ప్రతి ఏడూ ఖాళీ. తిరిగి బయటికి వచ్చేసరికి ఆమె తల ఎత్తకుండానే అంది:

"ఈ ఏడు ఫోను రాదు గద. పువ్వు గూడ రాకుంటే నాకు పుట్టినరోజే ఉండదు."

అంతకు ముందు నా గడ్డలకు అన్యాయం జరుగుతోందని బాధపడ్డాను. ఆ సాయంత్రం మాత్రం నాకు నిద్రపట్టని భయం మొదలైంది. ముప్పై ఎనిమిదేళ్ళు ఒక మనిషి పుట్టినరోజు పూట హోళిగలు తిని, ఆ మనిషికి ఒక్క మాట చెప్పని వాణ్ణి, ఈ ఒక్క పువ్వునైనా పూయించకపోతే ఎలా? అందుకని నా శ్రద్ధను రెట్టింపు చేశాను. అంటే, అప్పటిదాకా ఆదివారం పొద్దున ఒక్కసారే తీసుకునే కొలతలు ఇక సాయంత్రం కూడా తీసుకోవడం మొదలుపెట్టాను.

ఏప్రిల్ 14న ఐదవ గడ్డ మెత్తబడింది.

ఇక మిగిలింది ఒక్కటే దారి. గడ్డలు ఇచ్చినది ఎవరు? నాగవేణి. సగం సగం పంచినది ఎవరు? నాగవేణి. గట్టివి తాను ఉంచుకుని పుచ్చువి మాకు అంటగట్టిందని నిర్ధారణకు వచ్చాను. ఐదు అన్యాయాలనూ తేదీల వారీగా తెల్ల కాగితం మీద దింపి, కింద సంతకం చేసి, రిజిస్టరు పోస్టులో ముదగల్‌కు పంపాను. ఒక చెల్లెలు అక్కకు ఇలా చేయవచ్చునా అని చివర ఒక వాక్యం కూడా జోడించాను. ఆ వాక్యం గుర్తుకు వస్తే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

ఉత్తరానికి జవాబు ఉత్తరంగా రాలేదు. మే రెండవ వారంలో లింగసూగూరు మీదుగా బస్సులు మారి, ఎండలో కమిలిన మొహంతో నాగవేణే స్వయంగా వచ్చింది. చెప్పులు విడవకముందే సంచిలో నుంచి నా కాగితం తీసింది.

"ఏంది బావా ఇది? నేను పుచ్చు గడ్డలు ఇచ్చిన్నా? మా అమ్మ గడ్డలల్ల పుచ్చులు ఏరి మా అక్కకు ఇచ్చిన్నా?"

"అది నేనంటలేను. రికార్డు అంటున్నది."

"నా కుండీలల్ల అన్నీ మొగ్గ పట్టినయి. అదే మూట, అదే వాకిలి. ఇక్కడికి వచ్చినంకనే వాటికి రోగం వచ్చిందా?"

"అందుకే లిఖితపూర్వకంగ అడిగిన."

నాగవేణి నాతో మాట్లాడడం మానేసి వంటింటి గోడ మీది క్యాలెండరు దగ్గరికి నడిచింది. దుకాణదారు మనిషి. కాగితం ఒక చేత, వేలు ఒక తేదీ మీద. నాలుగు. పద్దెనిమిది. పది. ముప్పై ఒకటి. పద్నాలుగు. పేజీలు తిప్పి తిప్పి చూసింది.

"బావా, ఇవన్ని ఐతారాలే."

"అవును. అయితే?"

"నీ దొంగకు ఐతారమే తీరికనా?"

"దొంగ ఎప్పుడు వస్తడో నాకేం తెలుసు? నేను చూసేది ఆదివారం. ఆదివారం కొలతలు తీసుకుంట గనుక ఆదివారం తెలుస్తది."

"ఏం కొలుస్తవు?"

"వేళ్ళు. పొడవు. చుట్టుకొలత. తూకం."

"మట్టిల ఉన్న గడ్డ తూకం ఎట్ల చూస్తవు బావా?"

"ఎట్ల చూస్తరు? బొరిగెతో తీసి, మట్టి కడిగి, తుడిచి, త్రాసుల పెట్టి, మళ్ళ…"

వాక్యం అక్కడ ఆగిపోయింది. నేను ఆపలేదు. అదే ఆగింది. పొయ్యి దగ్గర శాంత గిన్నె మీద మూత సర్దుతోంది. మాయమైన రెండు వేళ్ళు, తగ్గిన తులం, ఇనుప గాటు, నల్లబడిన కొస, మెత్తబడిన గడ్డ, ఐదూ వరుసగా వచ్చి నా ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాయి.

"వారానికి ఒకపారి తవ్వినవా?" నాగవేణి గొంతు చాలా చిన్నగా వచ్చింది.

"ఏప్రిల్ నుంచి… రెండుసార్లు."

"అయ్యో బావా! పండుకున్న పిల్లను లేపి, నీళ్ళు పోసి, గోడకు నిలబెట్టి, ఎంత పెరిగిందని గీత గీసి, మళ్ళ పండుకో అంటే ఏ పిల్ల పెరుగుతదయ్యా?"

నాకు కూర్చోవాలనిపించింది. కూర్చున్నాను. నేను చూసినది గడ్డల వైపు కాదు, శాంత వైపు. ఈ ఏడు ఆమెకు పుట్టినరోజు లేదు. దాన్ని ఆదివారానికి ఇంత చొప్పున నేనే తవ్వి పారేశాను.

"శాంతా," అన్నాను. ఆపై రాయడానికి నాకు ఎన్ని ఫారాలు తెలుసో, చెప్పడానికి అన్ని మాటలు తెలియవని అప్పుడే తెలిసింది.

ఆమె ఏదో అనబోయింది. ఇంతలో గోడ అవతలి నుంచి లారీ హారను లాంటి గొంతు.

"శాంతమ్మా! జల్ది రా! ఖిల్ గయా! పూసింది!"

ముప్పై ఎనిమిదేళ్ళలో నా భార్య పరుగెత్తడం నేను చూడలేదు. ఆ రోజు చూశాను. ఆమె వెనక నాగవేణి, ఆమె వెనక నేను. గోడ అవతల, ఖాజా సాబ్ నీళ్ళ తొట్టి పక్కన, అంచు విరిగిన మా ఊరగాయ జాడీ. జనవరి నుంచి కనబడడం లేదని నేను పుస్తకంలో రాసుకున్న జాడీ. దానిలో మట్టి. మట్టిలో నుంచి నిటారుగా ఒక కాడ. కాడ కొనన, అప్పుడే విచ్చిన ఎర్రటి బంతి. దాని చుట్టూ, నేను నోటీసు ఇచ్చిన కోళ్ళు, ఒక్కసారైనా ముక్కు పెట్టకుండా, మర్యాదగా తిరుగుతున్నాయి.

"ఆరు ఇచ్చిన నేను," అంది నాగవేణి మెల్లగా. "ఐదు కాదు, ఆరు."

"ఒకటి ఆయనకు చూపలే," అంది శాంత. పువ్వు మీది నుంచి చూపు తిప్పలేదు. "ఖాజా అన్నకు ఇచ్చి పెట్టిన."

"తవ్వుతున్న సంగతి నీకు తెలుసా అక్కా?"

"ఒక్కింట్ల ఉండి తెల్వదా?"

"తెలిసి ఊకున్నవా? ఐదు గడ్డలు పాడుచేయనిస్తివా?"

శాంత కొంగుతో మొహం తుడుచుకుంది. "రిటైరయినప్పటి సంది గోడ దిక్కు చూసుకుంట కూసునేటోడు. ఆ పుస్తకం, ఆ త్రాసు ముందర వేసుకున్నంక మొఖంల వెలుగొచ్చింది. నాకు ఒక్క గడ్డ చాలు వేణీ. ఆయనకే ఐదు కావాలె."

ఖాజా సాబ్ ఏనాడూ లేనంత మెల్లగా గొంతు సవరించుకుని, కోళ్ళ వైపు తిరిగి ఏదో పని కల్పించుకున్నాడు. శాంత వంగి, పువ్వును ముట్టుకోకుండా, దాని చుట్టూ రెండు అరచేతులు పట్టింది.

"అమ్మ ఫోను చేసినట్టే ఉన్నది," అంది.

నా చేయి అలవాటు చొప్పున జేబులోని పుస్తకం మీదికి పోయింది. తేదీ, వేళ, పువ్వు చుట్టుకొలత. కలం మూత తీశాను కూడా. ఆమె చూసింది.

"రాయొద్దు. తారీఖు రాస్తే వచ్చే ఏడు ఆ తారీఖుకే రమ్మంటరు దాన్ని. ఎప్పుడు వస్తే అప్పుడే నా పుట్టినరోజు."

మూత పెట్టేశాను. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి నేటి దాకా నా పుస్తకాల్లో ఖాళీగా ఉన్న పేజీ అదొక్కటే. ఆ మధ్యాహ్నం శాంత హోళిగలు చేసింది. చేసిన మనిషికి, పుట్టినరోజున చెప్పవలసిన మాట మొదటిసారి చెప్పాను. ఎన్ని తిన్నానో లెక్క పెట్టలేదు. నాగవేణి పెట్టింది, తొమ్మిది అట. గోడ మీదుగా ఖాజా సాబ్‌కు ఒక పళ్ళెం, కోళ్ళకు ఒక ముక్క క్షమాపణగా అందజేయడమైనది.

ఐదింటిలో ఒకటి పోయింది. మిగిలిన నాలుగూ నేను వాటి జోలికి పోవడం మానిన వానాకాలంలో నెమ్మదిగా ఆకులు వేశాయి. కిందటి మేలో రెండు పూశాయి. ఏ తేదీన అన్నది నన్ను అడగవద్దు.

కావున, చిక్కసూగూరు నివాసినైన నేను, నా బొరిగెను ఖాజా సాబ్ అధీనంలోకి, త్రాసును వంటింటి అధీనంలోకి స్వచ్ఛందంగా అప్పగించి, సూర్యచంద్రుల సాక్షిగా, సదరు కోళ్ళ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకపై మట్టిలో నిద్రపోతున్న ఏ ప్రాణినీ, అది ఎంత మెల్లగా పెరుగుతున్నా, యోగక్షేమాలు విచారించే నెపంతో లేపను.

అయితే నా ఫిర్యాదు ఒకటి ఇంకా మిగిలే ఉంది. ఆరవ గడ్డను నాలుగు నెలలు నా దృష్టికి రాకుండా కాపాడిన విషయంలో ఇద్దరు వ్యక్తులు కుమ్మక్కైనట్లు రుజువైనది. వారిలో ప్రథములైన శ్రీమతి శాంత గారికి ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా: ఈ నలభై ఏళ్ళ కాపురంలో, నా కంట పడకుండా దాచి మీరు ఇంకా ఏమేమి బతికించుకుని వచ్చారో, ఆ వివరములన్నియు పదిహేను రోజుల లోపల లిఖితపూర్వకముగా సమర్పించవలెను. సరుకుల జాబితా సమాధానముగా స్వీకరించబడదు.